సైన్స్ సందేహాలు: బడి పిల్లల సొంత పరిశోధన

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చింతగింజల పొడితో అది తగ్గుతుందేమో తనే పరీక్షించి చూస్తానంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: చాలా మంచి ప్రశ్న పట్టుకుంది మీ అమ్మాయి. మీ జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితో పాటు అడుక్కి దించుతారు. ముందు దాని గురించి చదవమనండి. తన పొడిని పోల్చి చూడ్డానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

మొదటి విడతలో పొడి మోతాదు ఒక్కటే మార్చాలి. ఒకే రోజు, ఒకే బోరు నుంచి పది లీటర్ల నీళ్లు ప్లాస్టిక్ క్యాన్‌లో తెచ్చుకోండి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపగలదు కాబట్టి నిల్వకు గాజు సీసాలు వద్దు. అర లీటరు చొప్పున పదిహేను సీసాల్లో పోసి, లీటరుకు 0, 1, 2, 4, 8 గ్రాముల లెక్కన పొడి వేయాలి. ఒక్కో మోతాదుకు మూడు సీసాలు. అన్నింటినీ ఒకేలా గంటసేపు కలిపి, తేరనిచ్చి, వడకట్టాలి. పొడి వేయని మూడు సీసాలనూ అలాగే కలిపి వడకట్టాలి. పిల్లలు ఎక్కువగా వదిలేసేది దీన్నే. అది లేకపోతే ఫ్లోరైడ్‌ను తగ్గించింది పొడా, వడపోత కాగితమా అన్నది తేలదు.

అసలు చిక్కంతా కొలతలో ఉంది. నీటి పరీక్ష కిట్‌లో రంగును కార్డుతో పోల్చి చూడాలి. గింజల పొడి నీళ్లకు రంగునూ మసకనూ ఇస్తుంది కాబట్టి ఆ పోలిక తప్పుతుంది. అందుకే ప్రతి మోతాదునూ డిస్టిల్డ్ వాటర్‌లో కూడా ఒకసారి కలిపి, కిట్ ఏం చూపిస్తుందో రాసుకోవాలి. పటికతో పోల్చేటప్పుడు ఇంకో ఇబ్బంది. పటిక నుంచి నీళ్లలో మిగిలిన అల్యూమినియం, అక్కడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంచడంతో కిట్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, పద్ధతి బాగా పనిచేసినట్టే కనిపిస్తుంది. కాబట్టి కిట్‌ను ముందస్తు అంచనాకే వాడి, చివరి నమూనాలను ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్‌లో కొలిపించండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీలోనూ, గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌లోనూ అడిగి చూడండి. అక్కడ 'టిసాబ్' బఫర్ అనే ద్రావణం కలిపాకే కొలవమనండి. అల్యూమినియం పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించేది అదే. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది.

ఫ్లోరైడ్ తగ్గకపోయినా అది ఫలితమే. అంకెలు దిద్దనివ్వకండి. పొడి వేసిన నీళ్లు మాత్రం ఎవరూ తాగకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి సెల్‌ఫోన్ల మీది బ్యాక్టీరియాను ఇంట్లో పెంచి, ఆ ప్రాజెక్టును బడి పిల్లల అంతర్జాతీయ సైన్స్ పోటీ 'ఐసెఫ్'కు పంపాలనుకుంటున్నాడు. కుదురుతుందా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఇంట్లో పెంచితే కుదరదు. ఐసెఫ్ నిబంధనల ప్రకారం నమూనా ఎక్కడ తీసినా, పెంచడం మాత్రం తగిన ల్యాబ్‌లోనే జరగాలి. ఏ సూక్ష్మజీవో తెలియనప్పుడు ప్లాస్టిక్ పెట్రీ డిష్‌ను (సూక్ష్మజీవులను పెంచే మూత ఉన్న ప్లేటు) మూసి, సీల్ చేసి, బయటి నుంచే గమనించాలి. మూత తీసి ఇంకో ప్లేటుకు మార్చితే అంతకన్నా పై స్థాయి భద్రత ఉన్న ల్యాబ్ కావాలి. పని ముగిశాక ప్లేట్లను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో, శుద్ధి చేయించాలి. ఫోన్ ఎన్నిసార్లు తుడుస్తారని స్నేహితులను అడిగినా అది మనుషుల మీద పరిశోధన కిందికే వస్తుంది. దానికి సమీక్షా సంఘం అనుమతి ముందే ఉండాలి. పరిశోధన ప్రణాళిక, అనుమతుల మీద ఉండే తేదీలు ప్రయోగం మొదలైన తేదీకన్నా ముందువి కావాలి. చక్కటి ప్రాజెక్టు కూడా ఈ ఒక్క కారణంతో పోటీకి అనర్హమవుతుంది. ఐసెఫ్‌కు నేరుగా దరఖాస్తు ఉండదు, అనుబంధ పోటీలో గెలిచి వెళ్లాలి. మన దేశంలో అలాంటిది ఐరిస్ నేషనల్ ఫెయిర్.

ప్రశ్న: ప్రభుత్వ బడి పిల్లలకు ఖర్చులకు ఏమైనా సాయం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. పిల్లలు సొంతంగా దరఖాస్తు చేయలేరు, బడి తరఫున ఆన్‌లైన్‌లో నామినేట్ చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా కాకుండా ఊళ్లో కనిపించిన ఇబ్బందిని పిల్లల మాటల్లోనే రాయించండి. ఖాతాలోని పేరు, నామినేషన్‌లో రాసిన పేరు అక్షరం పొల్లు పోకుండా సరిపోయాయో లేదో పంపేముందే చూసుకోండి.