మెమరీ లిమిట్ పెంచే ముందు మీ ఫోటోలు చూడండి

షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే పద్ధతి) ఉన్న మీ షాపు సైట్‌లో ఫోటో ఎక్కించగానే "అలౌడ్ మెమరీ సైజ్ ఎగ్జాస్టెడ్", అంటే ఇచ్చిన మెమరీ అయిపోయింది అని వస్తోందని, అందరూ మెమరీ లిమిట్ 512 ఎంబీ చేయమంటున్నారని అడిగారు. ఆ మాట ఇప్పుడే వినకండి. చీరలో, నగలో అమ్మే వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్) సైటైతే చాలాసార్లు తప్పు ఫోటోలదే.

మా చిన్నమ్మ కొడుకుకి నల్లగొండలో చీరల షాపు ఉంది. పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల నుంచి తెచ్చిన ఇక్కత్ చీరలు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతాడు. దసరా స్టాకు పెట్టే టైంలో ఫోన్ చేశాడు. "అన్నా, ఫోటోలు ఎక్కుతలేవు. హోస్టింగోళ్లేమో పెద్ద ప్లాన్ తీస్కొమ్మంటున్నరు. ఏం జెయ్యాలె?"

చూస్తే, వాడి వర్డ్‌ప్రెస్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఎవరో అప్పటికే 512 అని రాసి పెట్టారు. సైటులో వచ్చిన తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో మాత్రం 134217728 బైట్లు అనే ఉంది. దాన్ని 1024తో రెండుసార్లు భాగిస్తే 128 ఎంబీ. అంటే హోస్టింగ్ వాళ్లే 128 దగ్గర కట్టేశారు, మనం ఎంత రాసుకున్నా చెల్లదు. ఆ ఎర్రర్ లైన్లోనే ఫోటోల సైజు మార్చే జీడీ ఇమేజ్ ఎడిటర్ ఫైలు పేరు కూడా కనిపించింది. అప్పుడు ఫోటోలు తీసి చూశాను. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ పెద్ద కెమెరాతో తీసినవి, ఒక్కోటి 6000 బై 4000 పిక్సెళ్లు.

"ఫైలు 9 ఎంబీయే గదా అన్నా" అన్నాడు. అందరూ పొరబడేది ఇక్కడే. మడతపెట్టిన చీర చిన్న కవర్లో పడుతుంది, విప్పి పరిస్తే గదంతా కావాలి. జేపెగ్ కూడా అంతే. సైజు తగ్గించాలంటే ముందు దాన్ని మెమరీలో పూర్తిగా విప్పాలి. 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు, మొత్తం దాదాపు 92 ఎంబీ. వర్డ్‌ప్రెస్ తయారుచేసే 2560 పిక్సెళ్ల కాపీకి ఇంకో 17. మిగిలిన కాస్తలో వర్డ్‌ప్రెస్, అమ్మకాలు చూసే వూకామర్స్, అదనంగా పెట్టుకున్న ప్లగిన్లు అన్నీ నడవాలి. ఎక్కడ సరిపోతుంది?

అంత పెద్ద ఫోటోలు ఎందుకంటే, కొనేవాళ్లు అసలైన నేత చీరో కాదో అని జూమ్ చేసి చూస్తారట. వాళ్ల భయం నిజమే. చిటికి కట్టి, నూలుకు రంగులద్ది, ఆ తర్వాత నేసే చీరకు, దాని మీది డిజైన్ కాపీ కొట్టి ప్రింటు వేసిన చీరకు ఆన్‌లైన్‌లో తేడా చూపడం కష్టం. ప్రింటు చీరను "పోచంపల్లి" అని అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేసిన ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి కొంగును దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి, చీర వెనకవైపు ఫోటో ఒకటి పెట్టమన్నాను. నమ్మకం వాటితో వస్తుంది, 6000 పిక్సెళ్లతో కాదు.

ఎక్కించే ముందే కంప్యూటర్‌లో పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించాడు. అప్పుడు ఒక్కో ఫోటో విప్పితే 11 ఎంబీ కూడా కాదు. అన్నీ ఎక్కాయి, అదే పాత ప్లాన్‌లోనే. ఫోటో సంగతి అడగకుండా పెద్ద ప్లాన్ అంటగట్టడం అన్యాయం. "అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరాలతో రాసేవాళ్లు 128 సంగతి కూడా అక్కడే రాయాలి.

ఫోటోలు చిన్నవే అయినా ఎర్రర్ పోకపోతే అప్పుడు, హోస్టింగ్ వాళ్లు కట్టేసి ఉండకపోతే, లిమిట్ పెంచండి. 256 చాలు. మెమరీ లిమిట్ లైనును కాన్ఫిగ్ ఫైల్లో "స్టాప్ ఎడిటింగ్" అనే లైనుకు పైన రాయాలి. హోస్టింగ్ వాళ్లిచ్చే సీప్యానెల్‌లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) సెట్టింగ్ ఉంటే అక్కడ మార్చడం ఇంకా మంచిది. సర్వర్ సెట్టింగులుండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో మాత్రం రాయకండి, చాలా హోస్టింగుల్లో సైటు మొత్తం 500 ఎర్రర్‌తో ఆగిపోతుంది. పీహెచ్‌పీ సెట్టింగులుండే యూజర్ ఐఎన్ఐ ఫైల్లో మారిస్తే అమల్లోకి రావడానికి 5 నిమిషాలు పట్టవచ్చు, ఆ లోపే టెన్షన్ పడి ఇంకేదో మార్చకండి. వర్డ్‌ప్రెస్ టూల్స్‌లోని సైట్ హెల్త్‌లో ఇన్ఫో, దాని కింద సర్వర్ తెరిస్తే అసలు లిమిట్ ఎంతో కనిపిస్తుంది.

అప్పటికీ వస్తుంటే ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. లాగ్‌లో కనిపించే ఫైలు మెమరీ అయిపోయిన చోటు మాత్రమే, తిన్నది వేరేది కావచ్చు. మీ ఎర్రర్ లైను, ఒక ఫోటో కొలతలు ఇక్కడ పెట్టండి, లెక్క వేసి చెప్తాను.