అమ్మ ఆరోగ్యం గురించి అడిగితే డెత్ కార్డు వచ్చిందా? నేనైతే టారో ఎలా వాడతానంటే...

మీ అమ్మగారికి మోకాలి ఆపరేషన్ ఉందని, కొత్తగా కొన్న టారో డెక్‌తో (జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట) "అమ్మ బాగుంటుందా?" అని మూడు కార్డులు తీస్తే మధ్యలో డెత్ కార్డు తలకిందులుగా వచ్చిందని, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. ఆ కార్డుకూ అమ్మగారి ఆపరేషన్‌కూ ఏ సంబంధమూ లేదండీ. డెక్‌లో ఉన్నవి 78 కార్డులు. ఎవరు, ఏ ప్రశ్న అడిగి, ఏ మూడు తీసినా సగటున 26 సార్లకు ఒకసారి అందులో డెత్ ఉంటుంది. పది కార్డులు పరిచే కెల్టిక్ క్రాస్ పద్ధతిలో అయితే దాదాపు ఎనిమిది సార్లకు ఒకసారి కనిపిస్తుంది. ఆపరేషన్ గురించి మీకున్న సందేహాలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్‌ని అడగండి. వాటికి జవాబు ఆయన దగ్గరే ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా టారో చూస్తున్నాను, అందుకు ఫీజు కూడా తీసుకుంటాను. కార్డులకు రేపు జరగబోయేది తెలుసని మాత్రం నేను నమ్మను. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ మాట మొదట్లోనే చెప్పేస్తాను. కొందరు లేచి వెళ్లిపోతారు. ఉండిపోయినవాళ్లతో జరిగే సంభాషణ మీద నాకు చాలా గౌరవం.

అసలు ఈ కార్డులు పుట్టింది జోస్యం కోసం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం తయారయ్యాయి. మన పేక లాంటివే, కాకపోతే నాలుగు రంగుల్లోనూ రాజు, రాణి, జాకీలతో పాటు గుర్రం మీద ఒక యోధుడు అదనం. వాటికి తోడు మరో 22 బొమ్మల కార్డులు. ఫ్రాన్స్‌లో ఈరోజుకీ టారోను ఆటగా ఆడుతూనే ఉన్నారు. 1781లో ఆంత్వాన్ కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య జ్ఞానం అని రాశాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియన్ అనే మరో ఫ్రెంచి పండితుడు ఛేదించింది 1822లో. అంటే జెబ్లాఁ రాసేనాటికి ఆ లిపి చదవగలిగిన మనిషే లేడు. అయినా ఆ కథ నిలబడిపోయింది, జోస్యమూ దాని వెంటే పెరిగింది.

నా పద్ధతికి ఆధారం మాత్రం 1909లో లండన్‌లో వచ్చిన డెక్. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనతో పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మలవి. అంతకుముందు మామూలుగా వాడే డెక్కుల్లో చిన్న కార్డుల మీద, అంటే ఆ 22 కాక మిగిలినవాటి మీద, ఐదు గిన్నెలు, ఏడు కత్తులు అలా గుర్తులు మాత్రమే ఉండేవి. ఆమె వాటిలో చాలా కార్డుల్లో మనుషుల్ని పెట్టింది. మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, మంచులో చర్చి కిటికీ పక్కనుంచి కుంటుతూ పోయే బిచ్చగాడు, ఒలికిపోయిన మూడు గిన్నెల్నే చూస్తూ వెనక నిలబడి ఉన్న రెండింటినీ గమనించని నల్ల దుప్పటి మనిషి. ఇంత పనికి చాలా కొద్ది డబ్బే వచ్చిందని ఆమే ఒక ఉత్తరంలో రాసుకుంది. చాలాకాలం ఆ డెక్‌ను ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు కలిపే పిలిచారు. నేను ఎవరికి నేర్పినా మొదట ఆమె పేరే చెబుతాను.

ఇక కార్డు తీసే ముందు నేను చేసే పని ప్రశ్నను మార్చడం. సగం సమయం దానికే పోతుంది. "పెళ్లి ఎప్పుడవుతుంది?", "హెచ్-1బీ లాటరీలో పేరు వస్తుందా?", "ఆయన మనసులో ఏముంది?" అని అడుగుతారు. వీటికి కార్డుల్లో జవాబు దొరికే దారి లేదు. లాటరీలో పేరు రాకపోతే ఏం చేయాలనుకుంటున్నావు, ఆ మాట ఇంట్లో ఎందుకు చెప్పలేకపోతున్నావు అంటే మాత్రం మాట్లాడుకోవచ్చు. మీ ప్రశ్నే తీసుకోండి. "అమ్మ బాగుంటుందా?" అన్నది మీ చేతిలో లేని విషయం. "అమ్మ కోలుకునే రోజుల్లో నేను పట్టించుకోవాల్సింది, ఇప్పటిదాకా పట్టించుకోనిది ఏమిటి?" అని అడిగి అదే డెత్ కార్డును మళ్లీ చూడండి. తెల్లగుర్రం మీద అస్థిపంజరం వస్తోంది. రాజు కింద పడి ఉన్నాడు, మతగురువు చేతులు జోడించాడు, యువతి ముఖం తిప్పుకుంది, చిన్నపిల్ల ఒక్కతే తలెత్తి చూస్తోంది. ఇన్నాళ్లూ ఇల్లు నడిపిన అమ్మ కొన్నాళ్లు కూర్చోవాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరు ఆ మార్పును చూస్తున్నారు, ఎవరు ముఖం తిప్పుకుంటున్నారు? వంట ఎవరిది, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, ఫిజియోథెరపీకి తోడు ఎవరు వెళ్తారు? నాకైతే ఆ కార్డు ఇలా పనికొస్తుంది.

రెండో సంగతి, బొమ్మ చూసి ముందు మాట్లాడాల్సింది వచ్చినవాళ్లు. చిలక జోస్యంలో చిలక కార్డు తీస్తే జోస్యం చెప్పేవాడు చదువుతాడు, మనం వింటాం. నా దగ్గర అది తిరగబడుతుంది. "ఇందులో ఏం జరుగుతోంది? మీరు ఎవరు?" అని అడిగి ఊరుకుంటాను. ఆ కాసేపు నోరు మూసుకుని ఉండటమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఒకావిడ విషయం చెబుతాను, ఆవిడ ఒప్పుకున్నాకే, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి. నాన్నగారి ఇంట్లో తన వాటా అడగాలా వద్దా అని వచ్చారు. వచ్చిన కార్డు సిక్స్ ఆఫ్ పెంటకిల్స్, అంటే ఆరు నాణేల కార్డు. ఒక వ్యాపారి చేతిలో త్రాసు పట్టుకుని, మోకాళ్ల మీద ఉన్న ఇద్దరికి డబ్బు ఇస్తున్నాడు. ఏ పుస్తకం చూసినా దానగుణం, సాయం అనే ఉంటుంది. నేను ఆ మాట చెప్పేసి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆవిడ చాలాసేపు చూసి, "నాణేలు ఒకరి చేతిలోకే పడుతున్నాయండీ, రెండో మనిషి ఊరికే చెయ్యి చాపి ఉన్నాడు" అన్నారు. ఆ తర్వాత అసలు విషయం వచ్చింది. ఆవిడకు బాధ ఇల్లు కాదు. నాన్నగారికి జబ్బు చేసినప్పుడు దగ్గరుండి చూసింది ఆవిడ, పేరు వచ్చింది అన్నయ్యకు. వాటా సంగతికి లాయర్ దగ్గరికి పంపాను. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది, అయితే ఆవిడ విషయంలో అది ఎలా వర్తిస్తుందో కాగితాలు చూసి లాయరే చెప్పాలి. అన్నయ్యతో మాట్లాడాల్సిన మాట వేరే ఉందని మాత్రం ఆవిడకు ఆ బల్ల దగ్గరే తెలిసింది.

తలకిందులుగా వచ్చిన కార్డుకు నేను వేరే అర్థం చెప్పను, తిప్పి నేరుగా పెట్టేస్తాను. కలిపేటప్పుడు చెయ్యి ఎటు తిరిగిందన్నదాన్ని బట్టే అది అలా వస్తుంది. చాలామంది మంచి రీడర్లు, అంటే నాలా కార్డులు చూసేవాళ్లు, దీనికి ఒప్పుకోరు, అది వాళ్ల ఇష్టం. మూడు కార్డులకు మించి తీయను, పది పరిస్తే మనిషి మాట తగ్గి నా ఉపన్యాసం పెరుగుతుంది. డెక్ ఎవరైనా బహుమతిగా ఇస్తేనే పనిచేస్తుందన్న మాట పట్టించుకోకండి. ఒకే ప్రశ్నను నచ్చిన కార్డు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగకండి, భయం పెరగడానికి దగ్గరి దారి అదే.

ఆరోగ్యం, గర్భం, కోర్టు తీర్పు, షేర్లు, ఎదురుగా లేని మనిషి మనసు, వీటికి నేను కార్డులు తీయను. చావు గురించి అసలే తీయను. మీరు వేరే రీడర్ దగ్గరికి వెళ్తే ఒకటి గమనించండి. ముందు "గండం ఉంది" అని భయపెట్టి, తర్వాత పరిహారానికి ఇంత, రాయికి ఇంత అని అడిగితే వెంటనే లేచి వచ్చేయండి. ఆపరేషన్ ముందున్న కుటుంబాన్ని, పెళ్లి కుదరని పిల్లను అలా పిండుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మంచి రీడర్ ఫీజు ముందే చెబుతారు, రీడింగ్ అయ్యాక ఇంకేదీ అమ్మరు.

మీరు కొన్న డెక్‌లో చిన్న కార్డులకూ మనుషుల బొమ్మలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే, దాంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కొన్నాళ్లు తెరవకండి. రోజుకో కార్డు తీసి బొమ్మలో ఏముందో రెండు మూడు వాక్యాలు నోట్‌బుక్‌లో రాయండి, పక్కన తారీఖు వేయండి. అర్థాలు బట్టీ పట్టాల్సిన పని లేదు. అదే కార్డు మరోసారి వచ్చినప్పుడు పాత పేజీ తీసి చూస్తే, అప్పుడు మీ కన్ను ఎక్కడ ఆగిందో, ఇప్పుడు ఎక్కడ ఆగుతోందో మీకే తెలుస్తుంది. ఏదైనా కార్డు దగ్గర ఇబ్బందిగా అనిపిస్తే కామెంట్‌లో అడగండి, వీలు చూసుకుని జవాబిస్తాను.