ఒకే ఇంట్లో ఇద్దరం చైల్డ్‌మైండర్లమైతే డబ్బు లెక్కలు ఎలా చూసుకోవాలి?

"ఇంగ్లండ్‌లో నేనూ మా చెల్లీ ఒకే ఇంట్లో ఉంటాం, ఇద్దరం చైల్డ్‌మైండింగ్ (ఇంట్లోనే ఫీజు తీసుకుని వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకోవడం) మొదలుపెడుతున్నాం, ఖర్చులు ఎలా పంచుకోవాలి" అని అడిగారు కదా. మీరు అక్కాచెల్లెళ్ళు, మేం తోడికోడళ్ళం. రెండు కొప్పులు ఒక ఇంట ఇమడవంటారు గానీ మాకు కొప్పుల దగ్గర ఏ పేచీ రాలేదు, గ్యాస్ బిల్లు దగ్గర వచ్చింది.

మాది రెడింగ్. బడుల్నీ, పిల్లల్ని చూసుకునేవాళ్ళనీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో ఎవరికి వాళ్ళం రిజిస్టర్ అయ్యాం కాబట్టి ఐదేళ్ళలోపు పిల్లల్ని తలా ముగ్గుర్ని చూసుకోవచ్చు. పొద్దున ఎనిమిదింటికల్లా హాలు నిండా బుడతలే. మొదటి ఏడాది "మనలో మనకి లెక్కలేంటి" అనుకుని వచ్చిన ఫీజులన్నీ ఒకే అకౌంట్లో వేసేశాం. ఆ పని మాత్రం చచ్చినా చేయకండి.

ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌కి గడువు జనవరి 31. దాటితే 100 పౌన్లు జరిమానా. మేం 28 రాత్రి కూర్చున్నాం, చివరి పిల్లాడిని వాళ్ళమ్మ తీసుకెళ్ళాక, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే. బిస్కెట్ డబ్బా నిండా రసీదులు. ఒక రసీదులో డైపర్లు, రంగు పెన్సిళ్ళు, మా ఇంటి ఉల్లిపాయలు అన్నీ కలిసే ఉన్నాయి. వారానికి 40 గంటలు పైన పనిచేసే చైల్డ్‌మైండర్ గ్యాస్, కరెంటు బిల్లుల్లో 33 శాతం, అద్దె, కౌన్సిల్ టాక్స్, నీళ్ళ బిల్లుల్లో 10 శాతం ఖర్చు కింద చూపించుకోవచ్చు. సోఫాలు, కార్పెట్లు అరిగిపోతాయని అప్పట్లో ఆదాయంలో ఇంకో 10 శాతం కూడా వేసుకున్నాం. బాగానే ఉంది. ఏడాదికి గ్యాస్, కరెంటు కలిపి 2,400 అయితే నేను 792 వేశాను, మా తోడికోడలూ 792 వేసింది. మా మరిది వెనక నుంచి చూసి "వదినా, ఒకే పొయ్యికి రెండుసార్లు గ్యాస్ కొన్నారా మీరు?" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తను "అక్కా, బిల్లు మీ పేరు మీద ఉంది, మీరే వేసుకోండి" అంది, ఆ "మీరు" వినగానే నాకు విషయం అర్థమైంది, మామూలుగా నన్ను నువ్వు అనే పిల్ల. బిల్లులో సగం తనే కడుతోంది మరి! చివరికి చెరో 396 వేసుకున్నాం, పప్పు అడుగంటింది.

ఆ తర్వాత ఒకే అకౌంట్ తీసేసి ఎవరి అకౌంట్ వాళ్ళు పెట్టుకున్నాం. నా పిల్లల ఫీజు నాకు, తన పిల్లల ఫీజు తనకి, ఇంటి బిల్లులు చెరి సగం. ఒక్కొక్కరికి ఏడాదికి 12,570 పౌన్ల వరకు ఇన్‌కమ్ టాక్స్ లేదు, డబ్బంతా కలిపేస్తే ఎవరి ఆదాయమెంతో చెప్పడానికే తలప్రాణం తోకకొస్తుంది. ఫీజు రాగానే అందులో ఐదో వంతు పక్కన పెట్టేయండి, ఎందుకంటే మొదటిసారి పన్ను 1,000 పౌన్లు దాటిందంటే దాంతో పాటు వచ్చే ఏడాదికి సగం అడ్వాన్సు కూడా అదే జనవరిలో అడుగుతారు. నాకు ఆ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు, ఆ నెల గాజులు అమ్ముకోవాలా అనిపించింది.

అసలు టెన్షన్ పన్ను కాదండీ, మనవాళ్ళే. ఇంగ్లీషువాళ్ళు కాంట్రాక్టు చూసి సంతకం పెట్టి వెళ్ళిపోతారు. మన తెలుగువాళ్ళు ఆగస్టులో ఐదు వారాలు విజయవాడ వెళ్ళొచ్చి "మా బాబు లేడు కదండీ, డబ్బులెందుకు" అంటారు. ఆ సీటు ఇంకొకరికి ఇవ్వకుండా ఎవరి కోసం ఆపాను తల్లీ? పైగా నేను చెప్పిన రేటు విని, వంటింట్లోకి వెళ్ళి మా తోడికోడల్ని విడిగా అడుగుతారు, గంటకి 50 పెన్నీలు తగ్గిస్తుందేమోనని. ఒకసారి తగ్గించింది కూడా! రెండ్రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే రేటు, సెలవుల్లో సగం ఫీజు, తలుపు పక్కనే అంటించాం.

ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బగ్గీ ఎవరి ఖాతాలో వేయాలో మాత్రం ఇంకా తేలలేదు. కొన్నది తను, రోజూ తోసేది నేను.