ఆటల ముచ్చట్లు: కత్తి పక్కన పెట్టి మాట్లాడి చూడు

ప్రశ్న: అన్నా, కడపలో బీటెక్ చదువుతుండా. మా రూమ్మేట్ ఎప్పుడు చూసినా ప్లేన్‌స్కేప్ టార్మెంట్ అనే పాత కంప్యూటర్ ఆట గురించే, అంత కథ ఇంకే ఆటలో లేదంటాడు. నేనూ కూర్చున్నా, చదవడం తప్ప ఆడేది ఏముంది అందులో? ఇదంతా పాత సరుకు మీద మోజేనా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: తమ్ముడూ, మొదట్లో హీరోకిచ్చే పాయింట్లన్నీ స్ట్రెంగ్త్ మీద పోసింటావ్, ఔనా? అందరూ చేసేది అదే, అక్కడే ఆట చప్పబడిపోతుంది. 1999లో బ్లాక్ ఐల్ అనే కంపెనీ వాళ్లు ఈ ఆట తీశారు, లీడ్ డిజైనర్ క్రిస్ అవెల్లోన్. హీరోకి పేరే లేదు, శవాల గదిలో బల్ల మీద లేస్తాడు, తానెవరో గుర్తులేదు, చంపినా మళ్లీ లేచి కూర్చుంటాడు, అలాంటోడికి చావు భయం ఎట్లా పెడతారు చెప్పు, అందుకే ఆట బరువంతా మాటల మీద పెట్టారు. విజ్డమ్, ఇంటెలిజెన్స్ పెంచుకుంటే అంతకుముందు కనపడని మాటలు కనపడతాయి, పాత జ్ఞాపకాలు తిరిగొస్తాయి, వాటికీ హీరోని ఎదగనిచ్చే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు పడతాయి. కత్తి తిప్పేటోడికి సగం కథ దొరకదు.

రావెల్ అని ఒక మంత్రగత్తె ఉంటాది, మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదు అని అడుగుతుంది. బేతాళుడి ప్రశ్నకైతే సరైన జవాబు చెప్తేనే లెక్క, ఈమెకి నువ్వు ఏం చెప్పినా సరే, అది నీ జవాబైతే చాలు. నాకు ఆ ఆటంతా ఒకెత్తు, ఆ సీను ఒకెత్తు.

మోజు అస్సలు లేదని అనను. కొట్లాటలు నిజంగానే నీరసం, చివర్లో అవే ఎక్కువైపోతాయి. 1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ అనే ఆటని కూడా జనం ఇదే నోటితో పొగుడుతారు గానీ, కథ వరకూ అది మామూలేనప్పా, ఊర్లు తిరగడంలో ఉండే సరదా వేరే.

ప్రశ్న: మా పిల్లోడు ఎప్పుడూ ఈ ఆటలే. రాక్షసుడిని చంపు, నిధి ఎత్తుకో, ఇంతేనా? బుద్ధి నేర్పేవి ఏమన్నా ఉన్నాయా?
– ఒక అమ్మ, అనంతపురం

జవాబు: ఉందక్కా. 1985లో రిచర్డ్ గారియట్ తీసిన అల్టిమా 4. ఇందులో చంపాల్సిన పెద్ద విలన్ అంటూ లేడు, ఎనిమిది సుగుణాలు సాధించి అవతార్ అనిపించుకోవడమే పని. మూలికలమ్మే ఆమెకి కళ్లు కనపడవు, ఎంత ఇస్తున్నామో మనమే చెప్పాలి. తక్కువిచ్చినా సరుకు చేతికొస్తుంది, ఎవరూ తిట్టరు, ఆట మాత్రం లోపల్లోపల నిజాయితీ మార్కులు కోసేస్తుంది, మావాడు తెలివైనోడు అనుకునేలోపు అవతార్ దూరమైపోతాడు. నీతి చెప్పకుండా నీతి పెట్టడమంటే ఇదే అని నా అభిప్రాయం. బొమ్మలు చూసి మీ వాడు మొహం చిట్లిస్తాడులే, పైగా ఊరోళ్లతో మాట్లాడాలంటే మాటలు టైపు చేయాలి, పక్కన నోట్‌బుక్కు పెట్టుకోమనండి.

ప్రశ్న: నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది బ్రో, దేంతో స్టార్ట్ చేయాలి?
– ఆదోని నుంచి ఒకరు

జవాబు: ఫాలౌట్, 1997ది. దానికి నీ పాత ల్యాప్‌టాప్ చాలు. బాంబుల యుద్ధం తర్వాత భూమి కింద బంకర్లో జనం, నీళ్లు శుద్ధి చేసే యంత్రం చిప్ పాడైంది, 150 రోజుల్లో కొత్తది తేవాలి. నీళ్ల కోసం వెతుకులాట మన సీమోళ్లకి వివరించి చెప్పాలా! చివర్లో మాస్టర్ అని ఒకడు, మనుషులందర్నీ మ్యూటెంట్లుగా, అంటే రూపం మారిన వింత జీవులుగా, మార్చాలని చూస్తుంటాడు. తుపాకీతో కొట్టొచ్చు, లేదంటే నీ మ్యూటెంట్లకి పిల్లలు పుట్టరు అని రుజువు చూపిస్తే వాడే కుప్పకూలి తన స్థావరాన్ని పేల్చేసుకుంటాడు. ఆ రుజువు మాత్రం ముందే వెతికి పెట్టుకోవాలి, ఉత్త మాటలకి వాడు పడడు.

ఇంటెలిజెన్స్ 4కి తగ్గకుండా చూసుకో, తగ్గితే నీ హీరో నోటెంట ఒక్క మాట సరిగ్గా రాదు, పనులిచ్చేటోళ్లు కూడా మొహం చూసి పంపించేస్తారు. రెండోసారి ఆడేటప్పుడు కావాలనే తగ్గించి చూడు, నవ్వలేక చస్తావ్.