గంటలో ముగియాల్సిన మీటింగు

ప్రశ్న: మా రోటరీ క్లబ్ వారం మీటింగు రాత్రి 7 గంటలకు. తొమ్మిదైనా తెమలదు. వక్త మాట్లాడేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఏం చేయాలి?
– ఒక క్లబ్ కార్యదర్శి, అనంతపురం

జవాబు: సమయమంతా వక్త రాకముందే పోతోంది. అందరూ వచ్చాక మొదలెడదామని ఆగితే, వేళకు వచ్చినవాళ్లు కూడా వచ్చే వారం ఆలస్యంగానే వస్తారు. ఎంతమంది ఉన్నా 7.05కు గంట కొట్టేయండి. ఉగ్గాని, బజ్జీ 6.40కే పెట్టించండి. అంగడి కట్టేసి ఆకలితో వచ్చేవాళ్లు ముందే చేరతారు, ఉపన్యాసం మధ్యలో ప్లేట్ల చప్పుడూ ఉండదు. ప్లేట్ల లెక్క మధ్యాహ్నానికే వాట్సాప్‌లో తీసుకోండి.

ప్రార్థన, ఫోర్‌వే టెస్ట్ (రోటరీ సభ్యులు చదివే నాలుగు నీతి ప్రశ్నలు) కలిపి 5 నిమిషాలు. గత మీటింగు మినిట్స్ (చర్చల నమోదు) ముందురోజే గ్రూపులో పెట్టి, సభలో ఆమోదం మాత్రం అడగండి. అసలు గండి శాలువాల దగ్గర పడుతుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి కప్పి, ఫొటో తీస్తే తలా 3 నిమిషాలు. అందరినీ ఒకేసారి నిలబెట్టండి, ఒక్క ఫొటో చాలు. వక్త పరిచయం నాలుగు వాక్యాలు దాటకూడదు. ఆయనకు 20 నిమిషాలు, ప్రశ్నలకు 10. ఈ మాట ఆహ్వానించేటప్పుడే చెప్పాలి. వేదిక మీద చీటీ అందించడం మర్యాద కాదు. మైకు 6.30కే చూసుకోండి.

ప్రశ్న: ప్రతి వారం కలవడం తప్పనిసరా?
– ఒక సభ్యురాలు, కడప

జవాబు: కాదమ్మా. 2016 నుంచి నెలకు కనీసం రెండు మీటింగులు చాలు. కాకపోతే ఆ మార్పు మీ క్లబ్ బైలాస్‌లో (సొంత నియమావళిలో) రాసుకోవాలి.