ప్రభుత్వ కళాశాలలో చర్మవ్యాధుల పీజీ చేస్తూ కాస్మెటిక్ చికిత్సలు నేర్చుకోవచ్చా?

మీ కళాశాలలో లేజరు పనిచేయడం లేదు, బొటాక్స్ (ముఖ కండరాలను సడలించి ముడతలు తగ్గించే ఇంజెక్షన్) ఎవరూ చేయరు, రెండు రోజుల కోర్సుకు డబ్బు కట్టాలా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి.

నాది బరంపురం. ఎండీ ఒడిశాలోనే, ప్రభుత్వ కళాశాలలో చేసి, ఇప్పుడు పర్లాకిమిడిలో ప్రాక్టీసు చేస్తున్నాను. మా విభాగంలో ఫిల్లర్లు (ముడతలు, గుంటలు నింపే ఇంజెక్షన్లు) లేవు, మైనర్ ఓటీ (చిన్న ఆపరేషన్ల గది) మాత్రం ఉండేది. నిలకడగా ఉన్న బొల్లికి పంచ్ గ్రాఫ్టింగ్ (మంచి చర్మపు చిన్న ముక్కలు నాటడం), మొటిమల గుంటలకు సబ్‌సిషన్ (గుంటను లోపలికి లాగే పోగులను సూదితో తెంచడం), కీలాయిడ్ అనే ఉబ్బిన గట్టి మచ్చలోకి ట్రయామ్సినలోన్ స్టెరాయిడ్ ఇంజెక్షన్, పీల్స్ (ఆమ్లం రాసి చర్మపు పై పొరను ఊడదీయడం): ఈ రోజుకీ నా పనిలో ఎక్కువ భాగం ఇవే.

అన్నింటికన్నా పీల్ దగ్గరే ఎక్కువ కాలం గడపండి. గ్లైకాలిక్‌ ఆమ్లం వేస్తే గడియారం మీదా, ఎరుపు మీదా కన్నుంచి బైకార్బొనేట్‌తో ఆపాలి. సాలిసిలిక్ ఆమ్లం ఆరాక కనిపించే తెలుపు మందు స్ఫటికాలే; టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) తర్వాత వచ్చే తెలుపు మాత్రం చర్మంలోని ప్రోటీన్ గడ్డకట్టడం. ఈ తేడా పుస్తకంలో చదివితే చాలదు, కళ్లతో చూడాలి. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో కాస్త లోతుగా దిగినా ఆ చోట నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. రోజంతా పొలంలో ఎండకు పనిచేసే మనిషి మంగుకు పీల్‌తో మొదలుపెట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇంకొకటి. ముఖానికి ఏం రాస్తున్నారో ట్యూబు తెప్పించి చూడండి. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన వచ్చినా, తెల్లబడతామని ఏళ్లుగా రాసుకునేవారు ఇక్కడ చాలామంది. చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు బయటికి కనిపించే ఆ ముఖం మీద పీల్ వేయకూడదు. తెల్లమచ్చ కుష్ఠు కావచ్చు; దానికి క్రీము అడిగిన వ్యక్తికి స్పర్శ పరీక్షించి, నరాలు తడిమి చూడకుండా ఏమీ రాయవద్దు. ముఖం మీద కుష్ఠు మచ్చలో స్పర్శ మిగిలే ఉండవచ్చు, కాబట్టి ఒళ్లంతా చూడాలి. మా జిల్లాల్లో ఇది చాలా అవసరం. ఏ కాస్మెటిక్ కోర్సూ దీన్ని నేర్పదు.

బొటాక్స్ లెక్క తేలికే: 100 యూనిట్ల సీసాలో 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.1 మిల్లీలీటరుకు 4 యూనిట్లు. ముఖ కండరాలు మనిషికో తీరుగా ఉంటాయి, కష్టమంతా అక్కడే. ఫిల్లరు రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపూ పోవచ్చు. హైలురోనిడేజ్ (హైలురోనిక్ ఆమ్లపు ఫిల్లరును కరిగించే మందు) చేతికందేలా పెట్టుకోని చోట అది నేర్చుకోవద్దు.

ఇప్పటికి మీ విభాగాధిపతిని అడిగి వారంలో ఒక పూట మైనర్ ఓటీ మీ పేరున వేయించుకోండి. చేసిన ప్రతిదీ లాగ్‌బుక్‌లో రాయండి. రాతపూర్వక అంగీకారంతో, ఒకే వెలుతురులో ముందూ తర్వాతా ఫొటోలు తీయండి. పీజీ అయ్యాక ఫెలోషిప్‌కు వెళ్లేటప్పుడు, సూది చేతికిస్తారా అనే కాదు, చికిత్స వికటించి తిరిగి వచ్చిన రోగులను కూడా చూడనిస్తారా అని అడగండి. సరేనన్న చోటే చేరండి.