విన్నిపసాకీ సరస్సులో మొదటిసారి సామన్ ట్రోలింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాకి కొత్తగా వచ్చారు, 17 అడుగుల అల్యూమినియం పడవ కొన్నారు. ఇంతవరకు చిన్న కుంటల్లో బాస్ చేపలు పట్టారు. మే మొదట్లో విన్నిపసాకీ సరస్సులో ల్యాండ్‌లాక్డ్ సామన్ (సముద్రానికి వెళ్లకుండా సరస్సులోనే బతికే సామన్ చేప) కోసం ట్రోలింగ్, అంటే పడవ నెమ్మదిగా నడుపుతూ ఎరని వెనక లాగడం, చేయాలని ఉంది, కానీ అంత నీటిలో ఎటు వెళ్లాలో తోచడం లేదు. నేను చాలా ఏళ్లుగా న్యూ హాంప్‌షైర్‌లోనే ఉంటున్నాను, మంచు కరిగిందంటే నా శనివారాలన్నీ ఆ సరస్సు మీదే. నాకు తెలిసింది వివరంగా చెప్తాను.

సరస్సు మొత్తాన్ని తలకెత్తుకోకండి. 72 చదరపు మైళ్ల నీరు, 250కి పైగా దీవులు. అంతా తిరగాలనుకుంటే పెట్రోలు అయిపోతుంది తప్ప ఏమీ తెలియదు. ఒక్క బే ఎంచుకుని, పొద్దంతా అక్కడే ఉండండి. మీకైతే దక్షిణాన ఉన్న ఆల్టన్ బే చెప్తాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రెండు ఒడ్డులూ కనిపిస్తూనే ఉంటాయి, పడవ దించడానికి ర్యాంప్ ఉంది. దాని కొసన మెర్రీమీటింగ్ నది వచ్చి కలుస్తుంది.  

నది కలిసే చోటు ఎందుకంటే, ఈ సామన్ ఎక్కువగా తినేది స్మెల్ట్ అనే చిన్న వెండి రంగు చేపని. మంచు కరగగానే స్మెల్ట్ గుంపులు రాత్రిపూట వాగుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి, మళ్లీ సరస్సులోకి దిగుతాయి. సామన్ వాటి కోసం ఆ చుట్టుపక్కలే కాపు కాస్తుంది. అందుకే నేను సామన్‌ని వెతకను, స్మెల్ట్‌ని వెతుకుతాను. సోనార్ (నీటి కింద చేపల్ని తెర మీద చూపించే పరికరం) మీద మబ్బు తునకలా ఒక మచ్చ కనిపిస్తే అది స్మెల్ట్ గుంపు కావచ్చు. దాని పక్కనో కిందో విడివిడిగా పెద్ద చేపల వంపు గీతలు కనిపిస్తే అక్కడే తిరగండి. మొదటి అరగంట గాలం వేయకుండా, ఒడ్డు నుంచి లోతుకి, లోతు నుంచి ఒడ్డుకి అడ్డంగా నడుపుతూ తెర మాత్రమే చూడమని నా సలహా.

మే మొదట్లో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి చేపలు పైనున్న 10, 15 అడుగుల్లోనే ఎక్కువగా తిరుగుతాయి. బరువైన గుండుతో ఎరని లోతుకి దించే డౌన్‌రిగ్గర్ ఇప్పుడే కొనక్కర్లేదు. మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు. ఒకదానికి మామూలు దారం కట్టి, స్మెల్ట్‌ని పోలిన స్ట్రీమర్ ఈకల ఎర తగిలించి, పడవకి వంద అడుగులు పైనే వెనక వదలండి. గ్రే గోస్ట్ అనే స్ట్రీమర్ ఇక్కడ అందరి పెట్టెలోనూ ఉంటుంది. మెయిన్ రాష్ట్రంలో క్యారీ స్టీవెన్స్ అనే ఆవిడ 1924 ప్రాంతంలో తయారుచేసిన ఎర అది, ఇప్పటికీ పనిచేస్తోంది. రెండో గాలానికి లెడ్‌కోర్ దారం ఎక్కించండి. లోపల సీసపు తీగ ఉండే ఈ దారం పది గజాలకోసారి రంగు మారుతుంది. నెమ్మదిగా వెళ్తే ఒక్కో రంగుకి సుమారు 5 అడుగులు దిగుతుంది, వేగం పెంచితే అంత దిగదు. దాని చివర సన్నని స్పూన్ ఎర (చెంచా ఆకారపు లోహపు ఎర) సరిపోతుంది.

ఒక మే నెలలో ఆల్టన్ బేలో ఒడ్డు వెంబడి స్ట్రీమర్‌ని ఎంత తిప్పినా కదలిక లేదు. తెర మీద చూస్తే బే మధ్యలో 20 అడుగుల కింద స్మెల్ట్ మబ్బు. రెండు రంగుల లెడ్‌కోర్‌ని నాలుగు రంగులకి పెంచి దాని మీదుగా వెళ్లగానే రాడ్ వంగిపోయింది, సామన్ నీళ్లలోంచి రెండుసార్లు ఎగిరింది. ఆ ఎగురుడు కోసమే నేను వెళ్తాను. అప్పుడు దారం బిగించి లాగకండి, డ్రాగ్ (రీలు బిగింపు) వదులుగా పెట్టి దానికి దారం ఇవ్వండి.

వేగం గంటకి 2 నుంచి 2.5 మైళ్లు ఉంచండి. ఈ సరస్సులోనే ఉండే లేక్ ట్రౌట్ అనే మరో చేప కావాలంటే ఇంకా నెమ్మదిగా వెళ్లాలి, సామన్‌కి ఎర పారిపోతున్నట్టు కనిపించాలి. తిన్నగా వెళ్లకుండా మెలికలు తిరగండి. ఎడ్లబండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ దూరం నడిచినట్టే, బయటివైపు ఎర వేగం పెరిగి పైకి లేస్తుంది, లోపలివైపుది నెమ్మదించి కిందికి దిగుతుంది. ఏ వైపు గాలానికి చేప తగిలిందో చూసుకుంటే ఆ రోజు వేగం పెంచాలో తగ్గించాలో తెలిసిపోతుంది. తెల్లవారుజామున, మబ్బు పట్టి నీటి మీద చిన్న అలలు ఉన్న రోజున నాకు ఎక్కువ దొరికాయి. అద్దంలా నిశ్చలంగా ఉన్న రోజుల్లో తక్కువ.

ఇక భద్రత. ఈ భాగం దయచేసి దాటేయకండి. ఆల్టన్ బే దాటి ఉత్తరానికి వెళ్తే బ్రాడ్స్ అనే విశాలమైన నీరు వస్తుంది. అక్కడ గాలి లేస్తే మీ పడవ సైజుకి అలలు చాలా తొందరగా ప్రమాదకరం అవుతాయి. వాయవ్యం నుంచి గాలి ఉంటే బేలోకి కూడా దూసుకొస్తుంది, ఆ రోజు మానేయండి. మే మొదట్లో ఆ నీళ్లలో పడితే ఈత వచ్చినా నిమిషాల్లో చేతులు పనిచేయవు. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. నీటి మీద తేలుతూ దారి చూపే ఇక్కడి బాయ్ గుర్తులు వేరే రాష్ట్రాల్లా ఉండవు: నల్ల తల బాయ్‌కి ఉత్తరం లేదా తూర్పు వైపు నుంచి, ఎర్ర తల బాయ్‌కి దక్షిణం లేదా పడమర వైపు నుంచి వెళ్లాలి. రాళ్లన్నీ చూపించే మ్యాప్ ఒకటి పడవలో ఉంచుకోండి. 25 హార్స్‌పవర్ దాటిన ఇంజిన్ అయితే బోటింగ్ సర్టిఫికెట్ కావాలి, ఫిషింగ్ లైసెన్స్ ఎలాగూ తప్పనిసరి.

సామన్ సీజన్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. 15 అంగుళాల కంటే చిన్నది వదిలేయాలి. ఎన్ని ఉంచుకోవచ్చో ఆ ఏటి రూల్స్ పుస్తకంలో చూసుకోండి. ఒక ఔన్స్, అంతకంటే తక్కువ బరువున్న సీసపు గుండ్లు, జిగ్‌లు (సీసపు తల ఉన్న ముల్లు ఎరలు) ఈ రాష్ట్రంలో నిషేధం, వాటిని మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయి. వదిలేసే చేపని పడవలోకి ఎత్తకండి. రబ్బరు వలలో, నీళ్లలోనే ఉంచి ముల్లు తీయండి, పొడి చేత్తో పట్టుకుంటే పొలుసు రాలిపోతుంది. ముదురు ఒంటి మీద లేత మచ్చలు ఉంటే అది లేక్ ట్రౌట్, వెండి ఒంటి మీద నల్ల మచ్చలు ఉంటే సామన్.

జూన్ చివరికి పై నీళ్లు వేడెక్కి, సామన్ తనకి నచ్చిన 55 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల చల్లదనం కోసం 30, 40 అడుగుల కిందికి వెళ్లిపోతుంది. డౌన్‌రిగ్గర్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు. ఈలోగా రెండు రాడ్లు, ఒక లెడ్‌కోర్ రీలు, నాలుగైదు స్ట్రీమర్లు మీకు చాలు.